టైప్ సెట్‌లో ఏ నాణేనికి చోటివ్వాలి?

నాణేల సేకరణపై ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం టైప్ సెట్ గురించే ఉన్నాయి. ఒక దేశం గాని, ఒక కాలం గాని విడుదల చేసిన నాణేల్లో ఒక్కో రకానికి ఒక్కటి చొప్పున ఎంచి, ప్రతి సంవత్సరపు నాణేన్నీ వెతుక్కోనక్కర లేకుండా పూర్తిచేసే సేకరణ ఇది. వినడానికి తేలికగానే ఉన్నా, ఎంపిక దగ్గరే చాలామంది ఆగిపోతున్నారని ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. ఒకే తీరు ప్రశ్నలను కలిపి ఇక్కడ సమాధానాలిస్తున్నాం.

ప్రశ్న: మా తాతగారు రేకు డబ్బాలో దాచిన స్వతంత్ర భారత నాణేలు కొన్ని వందలున్నాయి. చూడటానికి ఒకేలా ఉన్న రూపాయి బిళ్లలే వేర్వేరు సంవత్సరాలవి గుప్పెడు వచ్చాయి. వీటితో టైప్ సెట్ కూర్చాలని ఉంది గాని, ఏది కొత్త రకం, ఏది పాత రకమే అన్నది తేల్చుకోలేకపోతున్నాను. ఏ లెక్కన ఎంచుకోమంటారు?

జవాబు: డబ్బా మూత తీసే ముందు ఒక కాగితం మీద మీ నియమం రాసుకోండి. ఏ మార్పు వస్తే దాన్ని కొత్త రకంగా లెక్కిస్తారో, ఏ మార్పు వచ్చినా పట్టించుకోరో ముందే తేల్చుకోనివారి సెట్ ఎన్నటికీ పూర్తి కాదు. ఎందుకంటే చేతికొచ్చిన ప్రతి నాణెంలోనూ ఏదో ఒక చిన్న తేడా కనబడుతూనే ఉంటుంది, ఆల్బమ్‌లో దానికో గడి కేటాయించాలని మనసు లాగుతూనే ఉంటుంది.

నేను పాటించే నియమం ఇది. నాణెం విలువ, బొమ్మ వైపు రూపకల్పన, బొరుసు వైపు రూపకల్పన, ఆకారం లేదా పరిమాణం, లోహం. ఈ అయిదింటిలో ఏ ఒక్కటి మారినా అది కొత్త రకం. సంవత్సరం, టంకశాల గుర్తు, అంకెల లావు సన్నాలు, సింహాల జూలులో గీతల వంటివి మారితే అది ఆ రకంలోనే ఒక భేదం తప్ప వేరే రకం కాదు. మీరు దీన్నే పాటించాలని లేదు. లోహాన్ని వదిలేసి రూపాన్ని మాత్రమే చూసేవారూ ఉన్నారు, వారి సెట్ చిన్నదవుతుంది, అందులో తప్పేమీ లేదు. అయితే ఒక నియమమంటూ పెట్టుకున్నాక మొదటి నాణేనికి ఒక తీర్పు, పదో నాణేనికి మరో తీర్పు ఇవ్వకూడదు.

ఒక్క పైసానే తీసుకుని చూద్దాం. 1957 ఏప్రిల్ 1న దశాంశ పద్ధతి అమల్లోకి వచ్చినప్పుడు విడుదలైన నయా పైసా కంచుది. దాని మీద అది రూపాయిలో నూరవ భాగమని హిందీలో రాసి ఉంటుంది. అణాలకూ కానులకూ అలవాటుపడిన జనానికి కొత్త లెక్క తెలియాలి గదా. 1962లో దాన్నే నికెల్ ఇత్తడితో వేయడం మొదలుపెట్టారు, కనుక 1962 అని ఉన్న నయా పైసాలు రెండు లోహాల్లోనూ దొరుకుతాయి. 1964 జూన్ 1 నుంచి ‘నయా’ అన్న మాటను తీసివేశారు, ఆ ఏటి నికెల్ ఇత్తడి నాణెం మీద పైసా అని మాత్రమే ఉంటుంది. 1965 నుంచి మూలలు గుండ్రంగా ఉన్న నలుపలకల అల్యూమినియం పైసా వచ్చింది. నా లెక్కలో ఇవి నాలుగు గళ్లు. లోహాన్ని పట్టించుకోనివారికి మూడే. 1957 నుంచి 1962 వరకు ఏటేటా వచ్చిన కంచు నయా పైసాలు మీ డబ్బాలో ఎన్ని ఉన్నా వాటికి ఒకే గడి. మిగిలినవి మార్పిడికి పనికొస్తాయి.

ఇక మీరు అడిగిన రూపాయి సంగతి. 1947లో స్వాతంత్ర్యం వచ్చినా 1950 వరకు రాజు బొమ్మ ఉన్న పాత నాణేలే కొనసాగాయి. 1950 ఆగస్టు 15న అణాల వరుస విడుదలై, రాజు స్థానంలో అశోక స్తంభం సింహాలు, రూపాయి వెనుక వైపు పులి స్థానంలో ధాన్యపు కంకులు వచ్చాయి. ఆ నికెల్ రూపాయి 11.66 గ్రాములు, అంటే బ్రిటిష్ కాలపు వెండి రూపాయి తూకమే. 1962లో వచ్చిన దశాంశ రూపాయి కూడా నికెల్‌దే గాని 10 గ్రాములకు తగ్గింది. 1975లో లోహం రాగి, నికెల్ మిశ్రమమై తూకం 8 గ్రాములైంది. 1983లో వ్యాసం 28 మిల్లీమీటర్ల నుంచి 26కు, తూకం 6 గ్రాములకు దిగాయి. 1992లో 25 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రూపాయి వచ్చింది, దాని తూకం 4.85 గ్రాములు. తరువాత అదే స్టీల్ మీద శిలువ వంటి గీతలతో ‘భిన్నత్వంలో ఏకత్వం’ నాణెం, 2007 నుంచి బొటనవేలు చూపే హస్తముద్ర నాణెం, 2011లో రూపాయి చిహ్నంతో 3.79 గ్రాముల నాణెం, 2019లో ధాన్యపు గుర్తుతో 3.09 గ్రాముల నాణెం వరుసగా వచ్చాయి. 1950 నుంచి లెక్కిస్తే మామూలు చలామణి రూపాయిలకు స్థూలంగా తొమ్మిది గళ్లు చాలు. ఈ తొమ్మిదింటినీ పక్కపక్కన పేర్చి చూస్తే రూపాయి ఎలా చిక్కిపోతూ వచ్చిందో కళ్లకు కడుతుంది. ఏటా ఒకటి చొప్పున యాభై అరవై నాణేలు పేర్చినా ఆ సంగతి ఇంత స్పష్టంగా కనిపించదు. టైప్ సెట్‌లో నాకు నచ్చే గుణం ఇదే.

1962, 1975, 1983 రూపాయిల దగ్గర మీకు సందేహం రావచ్చు, ఎందుకంటే మూడింటి బొరుసూ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. వేళ్లతో పట్టుకుని చూస్తే 1983 నాణెం చిన్నదని తెలిసిపోతుంది. మిగిలిన రెంటినీ లోహమే విడదీస్తుంది, దాన్ని ఎలా పసిగట్టాలో ఇంకో ప్రశ్నకు జవాబులో చెబుతాను.

ఒకే రకానికి చెందిన నాణేలు గుప్పెడు ఉన్నప్పుడు ఏది గడిలోకి వెళ్లాలి? అన్నిటికంటే తక్కువ అరిగినది. పరిస్థితి సమానంగా ఉంటే ఆ రకం మొదటిసారి వచ్చిన సంవత్సరపు నాణేన్ని ఎంచుకోండి. అప్పుడు గడి కింద వేరే చీటీ రాయనక్కర లేకుండా మార్పు ఎప్పుడు జరిగిందో నాణెమే చెబుతుంది. అంతమాత్రాన మొదటి ఏటిదని అరిగిపోయిన నాణేన్ని పెట్టి, మెరుస్తున్న మూడో ఏటి నాణేన్ని పక్కన పడేయకండి.

మొత్తం గణతంత్ర నాణేలతో మొదలుపెట్టడం భారమనిపిస్తే రూపాయితో సరిపెట్టుకోండి, లేదా పది పైసలు తీసుకోండి. గణతంత్రంలో ఎక్కువ వేషాలు మార్చిన నాణేల్లో పది పైసలు ఒకటి. రాగి-నికెల్‌లో, నికెల్ ఇత్తడిలో, అల్యూమినియంలో అంచులు పూరేకుల్లా ఒంపులు తిరిగి కనిపించిన ఆ నాణెం 1988లో చిన్న గుండ్రటి స్టీల్ బిళ్లగా మారిపోయింది. 3 పైసల ఆరుపలకల అల్యూమినియం నాణేన్ని, 1968లో వచ్చిన పసుపు రంగు తామర పువ్వు 20 పైసలను మాత్రం ఏ సెట్‌లోనైనా వదలకండి. రెండూ కొద్దికాలమే నిలిచాయి, పిల్లలకు చూపిస్తే ముందు వాటినే చేతిలోకి తీసుకుంటారు.

ప్రశ్న: నా దగ్గర ఒకే ఏటి రెండు రూపాయల నాణేలు మూడున్నాయి. ఒకదానికి సంవత్సరం కింద చుక్క, ఒకదానికి నక్షత్రం, ఒకదానికి వజ్రం గుర్తు ఉన్నాయి. మూడింటికీ మూడు గళ్లు పెట్టాలా?

జవాబు: అక్కర లేదు. చుక్క నోయిడా టంకశాలది, నక్షత్రం హైదరాబాదుది, వజ్రం ముంబయిది. ఏ గుర్తూ లేకపోతే అది కోల్‌కతాది. నాణెం ఎక్కడ తయారైందో మాత్రమే ఈ గుర్తులు చెబుతాయి, దాని రూపాన్ని గాని లోహాన్ని గాని మార్చవు. టంకశాల గుర్తుల వారీగా కూర్చడం మరో రకం సేకరణ, దాని రుచి దానిది. అయితే ఆ రెంటినీ ఒకే ఆల్బమ్‌లో కలిపితే ఏదీ పూర్తి కాదు.

కొన్నేళ్లలో మన టంకశాలల సామర్థ్యం చాలక భారత నాణేలను విదేశాల్లోనూ వేయించారు. 1985 రూపాయిల్లో సంవత్సరం కింద ఇంగ్లీషు ‘హెచ్’ అక్షరం ఉన్నవి బర్మింగ్‌హామ్‌లో తయారైనవి. తరువాతి కాలపు నాణేల్లో మాస్కో, స్లొవేకియా, దక్షిణాఫ్రికా టంకశాలల గుర్తులూ కనిపిస్తాయి. ఇవి ఆసక్తికరమైనవే గాని టైప్ సెట్‌లో వీటికి ప్రత్యేక స్థానం లేదు. సమాన స్థితిలో ఉన్న నాణేల్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే నేనైతే హైదరాబాదు నక్షత్రం ఉన్నదే పెడతాను. ఇది అభిమానమే తప్ప నియమం కాదు, నియమంగా పెట్టుకుంటే కొన్ని గళ్లు ఎప్పటికీ ఖాళీగానే ఉండిపోతాయి. నిజాం సికందర్ జా కాలంలో 1803లో మొదలైన ఆ టంకశాల భారత ప్రభుత్వం చేతికి వచ్చింది 1950లో. ప్రతి రకాన్నీ అక్కడ వేయలేదు.

ప్రశ్న: స్మారక నాణేలను టైప్ సెట్‌లో చేర్చాలా వద్దా? పది రూపాయల నాణేలు చూస్తుంటే రకాలకు అంతే కనిపించడం లేదు.

జవాబు: మీ విసుగు సహేతుకమే. పది రూపాయల నాణేలను కొందరు తీసుకోవడం లేదన్న ఫిర్యాదులు పెరిగినప్పుడు, 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ప్రకటనలో అప్పటివరకు 14 రూపకల్పనల్లో పది రూపాయల నాణేలు విడుదలయ్యాయనీ, అన్నీ చెల్లుతాయనీ స్పష్టం చేసింది. వాటిలో ఎక్కువ భాగం స్మారక నాణేలే. హోమీ భాభా, రిజర్వు బ్యాంకు ప్లాటినం జూబిలీ, వైష్ణోదేవి ఆలయ బోర్డు, అంబేద్కర్ 125వ జయంతి, అంతర్జాతీయ యోగా దినోత్సవం, ఇలా ఒక్కొక్కటి ఒక్కో సందర్భానికి వచ్చింది.

నా సలహా ఇది. ప్రధాన సెట్‌లో మామూలు చలామణి కోసం వేసిన రూపకల్పనలకే గళ్లు కేటాయించండి. పది రూపాయల్లో అలాంటివి 2005 నాటి ‘భిన్నత్వంలో ఏకత్వం’ నాణెం, 15 కిరణాలతో వచ్చిన నాణెం, 2011 నాటి రూపాయి చిహ్నంతో 10 కిరణాలున్న నాణెం, 2019 వరుసలోని నాణెం. నాలుగు గళ్లతో పని అయిపోతుంది. స్మారకాలన్నీ విడిగా ఒక సంపుటం చేసుకోండి, లేదా విలువకు ఒక్కటి చొప్పున ప్రతినిధిగా ఒక పేజీ కేటాయించండి. ప్రతినిధిని ఎంచేటప్పుడు మొదటి దానికే నా ఓటు. స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూ స్మృతికి వచ్చిన రూపాయి, 50 పైసలు. 1969లో గాంధీ శతజయంతికి 20 పైసల నుంచి వెండి పది రూపాయల వరకు వచ్చాయి. స్మారక నాణేలకు ఆరంభాన్ని చూపించాలంటే ఈ రెండు సందర్భాలు చాలు.

కొన్ని నాణేలు ఈ విభజనకు లొంగవు. భారతదేశ పటంతో జాతీయ సమైక్యత గురించి చెప్పే రెండు రూపాయల నాణెం చూడబోతే స్మారకంలా ఉంటుంది గాని, దాన్ని ఏళ్ల తరబడి మామూలు నాణెంగానే వేస్తూ వచ్చారు. ఏదో ఒక ఏడు వచ్చి ఆగిపోయిందా, సంవత్సరం మారుతూ పదేపదే వచ్చిందా అని చూడండి. పదేపదే వచ్చినదాన్ని నేను మామూలు నాణెంగానే లెక్కిస్తాను. 2022లో ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ చిహ్నంతో వచ్చిన 1, 2, 5, 10, 20 రూపాయల వరుసను మాత్రం స్మారకాల పేజీకే పంపుతాను.

ప్రశ్న: నికెల్‌దేదో, రాగి-నికెల్‌దేదో, స్టీల్‌దేదో గీసి చూడకుండా ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీకు కావలసినవి ఒక చిన్న అయస్కాంతం, గ్రాములో నూరవ వంతు చూపే చిన్న త్రాసు. నాణేన్ని గీయడం, ఆకురాయితో రుద్దడం ఏ పరిస్థితిలోనూ వద్దు.

శుద్ధమైన నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. రాగి-నికెల్ మిశ్రమం అంటుకోదు. మన స్టీల్ నాణేలు అంటుకుంటాయి. ఈ మూడు సంగతులు గుర్తుంటే సగం సందేహాలు తీరిపోతాయి. 1962 నుంచి 1970ల తొలినాళ్ల వరకు వచ్చిన రూపాయి అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది, 1975 రూపాయి కదలదు. పావలాలు, అర్ధరూపాయిల్లో 1960ల నాటివి నికెల్‌వి, 1972 నుంచి వచ్చినవి రాగి-నికెల్‌వి, 1988 తరువాత ఖడ్గమృగం ఉన్న పావలా మొదలుకొని స్టీల్‌వి. ఇదే పద్ధతి కాస్త వెనక్కూ పనిచేస్తుంది. 1940 నుంచి వచ్చిన సగం వెండి రూపాయి అయస్కాంతాన్ని లెక్కచేయదు, 1947 నాటి పులి బొమ్మ రూపాయి నికెల్‌ది కనుక వెంటనే అంటుకుంటుంది.

కంచు నయా పైసాకూ నికెల్ ఇత్తడి నయా పైసాకూ అయస్కాంతం పనికిరాదు, రెండూ అంటుకోవు. అక్కడ రంగు చూడాలి. మురికి పట్టి నల్లబడిన ఉపరితలాన్ని చూస్తే మోసపోతాం. నాణేన్ని పక్కకు వంచి, వెలుతురులో అంచు మీద ఎత్తుగా ఉండి చేతుల రాపిడికి నునుపెక్కిన చోట చూడండి. కంచు అక్కడ ఎర్రటి గోధుమ రంగులో, నికెల్ ఇత్తడి పసుపులో కనబడుతుంది. 1957 నుంచి 1961 వరకు సంవత్సరమే సమాధానం చెబుతుంది, 1963 నాణేనికీ అంతే. సందేహమంతా 1962 మీదనే.

ప్రశ్న: బ్రిటిష్ ఇండియా నాణేలతో టైప్ సెట్ కూర్చాలని ఉంది గాని జాబితా చూస్తే భయం వేస్తోంది. ఎక్కడ గీత గీయాలి? 1939 రూపాయి లేకపోతే సెట్ అసంపూర్తి అంటున్నారు, నిజమేనా?

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. నిజం కాదు. 1939 రూపాయి అరుదైనది, దానికి నకిలీలూ దిద్దిన అంకెల నాణేలూ పుష్కలంగా ఉన్నాయి. సంవత్సరాల వారీగా సేకరించేవారికి అది తలనొప్పి. సగం వెండికి తగ్గకముందు వచ్చిన ఆరో జార్జి పాత ప్రమాణపు వెండి రూపాయి గడిని 1938 నాణెం చక్కగా నింపుతుంది. టైప్ సెట్ కూర్చేవారికి ఉన్న పెద్ద సౌకర్యమే ఇది. ఒక రకంలో అందరికీ అందని సంవత్సరం ఉంటే, ఆ రకంలోనే అందుబాటులో ఉన్న మరో సంవత్సరం తీసుకుని ముందుకు సాగిపోవచ్చు.

గీత సంగతికి వస్తే, రూపాయికే పరిమితం కావడం మేలు. 1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే తీరు నాణేలు మొదలుపెట్టింది, కనుక అక్కడి నుంచి 1947 వరకు తీసుకుంటే ఆదీ అంతమూ ఉన్న సెట్ అవుతుంది. నాలుగో విలియం తలతో 1835 రూపాయి ఒకటి. 1840 అని ఉన్న విక్టోరియా రూపాయిలు రెండు, ఒకదానిలో రాణి పేరు తల చుట్టూ ఎడతెగకుండా సాగుతుంది, రెండోదానిలో తల అటూ ఇటూ విడిపోయి ఉంటుంది. రెంటి మీదా సంవత్సరం ఒకటే కనుక ఇక్కడ అంకె ఏమీ చెప్పదు, అక్షరాల అమరికే చూడాలి. తరువాత పాలన కంపెనీ నుంచి రాణికి మారాక వచ్చిన 1862 రూపాయి. దీన్ని అదే సంవత్సరం అంకెతో చాలా ఏళ్లు వేస్తూ, లోపలి లెక్క కోసం చుక్కల సంఖ్య మార్చారు. ఆ చుక్కలను ఏరుకుంటూ పోయేవారికి అదొక ప్రపంచం, మనకు అవసరం లేదు. 1877 నుంచి రాణి అన్న మాట స్థానంలో సామ్రాజ్ఞి అన్న బిరుదు వచ్చింది, అది మరో గడి. 1903 నుంచి 1910 వరకు కిరీటం లేని తలతో ఏడో ఎడ్వర్డ్.

అయిదో జార్జికి రెండు గళ్లు ఇవ్వండి. 1911 రూపాయిలో రాజు వస్త్రం మీద చెక్కిన ఏనుగు తొండం పొట్టిగా కుదిరి పందిలా కనిపించింది. దాని మీద తీవ్రమైన అభ్యంతరాలు రావడంతో 1912లో తొండాన్ని సరిదిద్దారు. భుజం దిగువన ఆ చిన్న బొమ్మ ఉన్న చోట భూతద్దం పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఇంత చిన్న మార్పును మరొకచోటైతే నేను భేదంగానే లెక్కించేవాణ్ణి. ఇక్కడ రూపకల్పనను ప్రభుత్వమే కావాలని మార్చింది, పైగా పాత రూపం ఒక్క ఏడాదికే ఆగిపోయింది, అందుకే దీనికి వేరు గడి ఇస్తున్నాను. నియమానికి మినహాయింపు ఇవ్వదలిస్తే ఇలాంటి బలమైన కారణం ఉండాలి, ఆ కారణాన్ని గడి కిందే రాసిపెట్టాలి. ఆరో జార్జికి పాత ప్రమాణపు వెండితో 1938, సగం వెండితో 1940ల నాణెం, పులితో 1947 నికెల్ రూపాయి. ఇంతటితో సెట్ ముగుస్తుంది.

చిన్న నాణేలను పూర్తిగా వదిలేయడానికి మనసొప్పకపోతే అనుబంధంగా ఒకటి పెట్టుకోండి, అది చిల్లు కాణీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లోహం ఆదా చేయడానికి 1943 నుంచి 1947 వరకు నడుమ రంధ్రంతో వేసిన కంచు నాణెం అది. ఆ కాలపు కొరతను అంత నేరుగా చూపే నాణెం మరొకటి లేదు.

ప్రశ్న: మా ఇంట్లో ఉస్మాన్ అలీ ఖాన్ నాటి చార్మినార్ రూపాయిలు రెండున్నాయి. ఒకదానిలో చార్మినార్ గుమ్మం మధ్య ఉన్న అక్షరం పొట్టిగానూ, రెండోదానిలో పూర్తిగానూ ఉంది. ఇవి రెండు రకాలా? వీటిని బ్రిటిష్ ఇండియా సెట్‌లో పెట్టవచ్చా?

జవాబు: బ్రిటిష్ ఇండియా సెట్‌లో పెట్టవద్దు. హైదరాబాదు సంస్థానానికి సొంత నాణేలు, సొంత టంకశాల ఉండేవి. హాలీ సిక్కాగా వ్యవహరించిన ఆ రూపాయిలకు వేరే సెట్ కట్టడమే న్యాయం.

గుమ్మంలోని అక్షరం పాలకుడి పేరులోని మొదటి అక్షరం. మహబూబ్ అలీ ఖాన్ కాలపు చార్మినార్ నాణేల్లో అక్కడ అరబిక్ లిపిలోని ‘మీమ్’ ఉంటుంది, ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల్లో ‘ఐన్’ ఉంటుంది. మీమ్ నుంచి ఐన్‌కు మారడం నిస్సందేహంగా కొత్త రకం, ఎందుకంటే పాలకుడే మారాడు. మీరు చెబుతున్న పొట్టి ఐన్, పూర్తి ఐన్ తేడా ఉస్మాన్ అలీ ఖాన్ పాలన మొదట్లో వచ్చినది. కేటలాగులు వీటిని విడివిడిగానే చూపుతాయి. అయినా పాలకుడు, విలువ, లోహం, చార్మినార్ బొమ్మ అన్నీ ఒకటే కనుక నా నియమం ప్రకారం ఇది భేదమే. రెండింటిలో బాగున్నదాన్ని గడిలో పెట్టి, రెండోదాన్ని దాని వెనుకే ఒక కవరులో ఉంచండి. ఇలాంటివి ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు, పెరిగితే భేదాల కోసం వేరే పుస్తకం మొదలుపెట్టే సమయం వచ్చిందని అర్థం.

ప్రశ్న: గళ్లు అచ్చువేసి ఉన్న ఆల్బమ్ కొనడం మంచిదా? నాణేలన్నీ ఒకే స్థితిలో ఉండాలా? మురికిగా ఉన్నవాటిని శుభ్రం చేయవచ్చా?

జవాబు: అచ్చువేసిన ఆల్బమ్ అంటే ఆ ఆల్బమ్ చేసినవారి నియమం. అది మీ నియమంతో కలిస్తే కొనండి, లేకపోతే ఖాళీ పేజీల ఆల్బమే మేలు.

స్థితి విషయంలో అన్నీ ఒకే మెరుపుతో ఉండాలన్న పట్టుదల అక్కర లేదు గాని, పక్కపక్క గళ్ల మధ్య మరీ అంతరం ఉంటే చూపుకు ఇబ్బందిగా ఉంటుంది. 1990ల తరువాతి నాణేలు చలామణిలో నలగనివి సులువుగా దొరుకుతాయి, వాటిలో రాజీ పడవద్దు. అల్యూమినియం నాణేలు మెత్తనివి, త్వరగా గీతలు పడతాయి. వాటిలో మెరుపు చెక్కుచెదరనిది కనబడితే మీ దగ్గర ఇప్పటికే ఒకటి ఉన్నా మార్చుకోండి. 25 పైసలు, అంతకు తక్కువ విలువ నాణేలు 2011 జూన్ 30తో చెల్లుబాటు కోల్పోయాయి. చలామణిలో కొత్తగా చేతికొచ్చే అవకాశం లేదు కనుక వాటిని ముందుగా సమకూర్చుకోండి. విక్టోరియా కాలపు వాటిలో అక్షరాలు, సంవత్సరం, తల రేఖలు స్పష్టంగా ఉంటే చాలు.

శుభ్రం చేయవద్దు. చింతపండు, నిమ్మరసం, ఇత్తడి సామాను తోమే పొడి, వీటిలో ఏది వాడినా పైపొర పోయి నాణెం అసహజంగా మెరుస్తుంది, ఆ మెరుపు చూడగానే అనుభవజ్ఞులు పక్కన పెట్టేస్తారు. దుమ్ము మరీ ఎక్కువగా ఉంటే శుద్ధమైన నీటిలో కాసేపు ఉంచి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనివ్వండి. పీవీసీ కవర్లలో ఏళ్ల తరబడి ఉంచితే రాగి కలిసిన నాణేల మీద పచ్చటి జిగురు పడుతుంది, కనుక పీవీసీ లేని కవర్లనే అడిగి తీసుకోండి. వెండి నాణేలకు రబ్బరు బ్యాండ్లు తగలనివ్వకండి, రబ్బరులోని గంధకం వాటిని నల్లబరుస్తుంది.